ఏ గడ్డి?

"ఆ గడ్డిలో పడుకున్న మనిషి నీకెలా కనిపించాడు?" అని టీచరు మళ్ళీ అడిగింది.

వీడియో కాల్ తెరమీద అవతలి మనిషి గడిలో ముఖం లేదు. ల్యాప్‌టాప్ కెమెరా పాడైందని ముందే చెప్పాడు. ముఖం ఉండాల్సిన చోట పచ్చటి పిల్లి కళ్ళ బొమ్మ ఒకటి రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తోంది.

"ఏ గడ్డి అక్కా?" అన్నాడతను.

పక్క గడిలో, ఫిర్యాదు చేసిన జట్టు కెప్టెన్ నవ్వాడు. "గడ్డి తిన్నవాళ్ళంతా ఇదే అడుగుతారు," అన్నాడు. లీగు నడిపే నిర్వాహకుడు నవ్వు ఆపుకోలేక గొంతు సవరించుకున్నాడు. టీచరు నవ్వలేదు. ఆ మాటలో పొగరు కోసం వెతికింది. దొరకలేదు. దారి తప్పినవాడు ఇది ఏ ఊరని అడిగినట్టుగా అడిగాడతను.

పొద్దున బడిలో లెక్కలు చెప్పుకుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఈ ఆటలో తగవులు తీర్చడం ఆమె పని. జట్లు కట్టి తుపాకులతో ఒకరినొకరు వేటాడుకునే ఆట అది. ఒకప్పుడు తనూ ఆడేది. కూలిపోయిన గోదాము వెనక పొలంలో, నడుమెత్తు గడ్డిలో బోర్లా పడుకుని ఆట ముగిసేదాకా ఎవరి చేతికీ చిక్కేది కాదు. అందుకే అందరూ ఆమెను గడ్డిపోచ అనేవాళ్ళు. అంత ఓపికున్న మనిషి తీర్పు కూడా తొందరపడి చెప్పదని నిర్వాహకుడు ఆమెను తీర్పరిగా కూర్చోబెట్టాడు.

ఇప్పుడు తగవు కూడా ఆ పొలం గురించే. కెప్టెన్ జట్టువాళ్ళు ఆ గడ్డిలో ఏ మూల దాక్కున్నా ఇతను తిన్నగా వాళ్ళ దగ్గరికే నడిచివస్తున్నాడు. పిల్లికళ్ళు అని మొదట్లో ముచ్చటపడి పెట్టిన పేరే ఇప్పుడు నేరంలా అతని నెత్తిన కూర్చుంది.

టీచరు ఆ ఆటల రికార్డింగులన్నీ చూసింది. ఆమె ల్యాప్‌టాప్ మంచిది. బొమ్మలు గీయడానికే విడిగా ఒక పెద్ద గ్రాఫిక్స్ చిప్ ఉంది దానికి. ఆట తెరిస్తే చాలు, ఫ్యాను గుక్కపెట్టి ఏడ్చినట్టు మోగుతుంది గానీ, ఒక్కో గడ్డిపరకా విడివిడిగా గాలికి ఊగుతుంది. ఆ గడ్డి అంచుకు వచ్చి అతను ఆగుతాడు. తల తిప్పుతాడు. గడ్డి తప్ప ఏమీ లేని ఒక చోటు వైపు చూస్తాడు. వెతకడు, తడుముకోడు, ఊరికే చూస్తాడు. ఆ చూపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమెకు మెడ వెనక చల్లగా అయ్యేది. తర్వాత తుపాకీ ఎత్తుతాడు.

"నీ ల్యాప్‌టాప్ చిన్నదన్నావని నేను నాదాంట్లో కూడా బొమ్మ నాణ్యత అట్టడుక్కి దించి చూశాను. గడ్డి పల్చబడింది గానీ పోలేదు," అంది.

"నాకు మొదట్నుంచీ లేదక్కా. ఉత్త నేల. నేలమీద మనుషులు. నిన్న ఫోనుతో తీసి పంపించాను కదా వీడియో."

"అదే చెప్తున్నా," అన్నాడు కెప్టెన్. అతను మర్యాదస్తుడు, గొంతు పెంచే రకం కాదు. "గడ్డిని మాయం చేసే దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటుంది మేడమ్. అది పెట్టుకుంటే అచ్చం ఇలాగే కనిపిస్తుంది. తన వీడియో తానే పంపించి ఒప్పుకున్నాడు. ఇంక మనం అడగడానికేముంది?"

"తెర మాకు చూపిస్తూ ఒకసారి ఆట తెరువు," అన్నాడు నిర్వాహకుడు.

అతను ప్రయత్నించాడు. తెర నల్లబడి బిగుసుకుపోయింది. కాసేపటికి గొంతు మాత్రం తిరిగి వచ్చింది. "రెండు పనులు ఒకేసారి చెయ్యలేదండీ ఇది. మా అక్క ఆఫీసులో వాడి పక్కన పడేసింది."

"చూశారా," అన్నాడు కెప్టెన్.

"మీరు నమ్మట్లేదా అక్కా?" అని పిల్లికళ్ళు నేరుగా టీచరునే అడిగాడు.

"నమ్మడానికి ఏదైనా చూపించాలి కదా తమ్ముడూ."

"చూపించాను కదా," అన్నాడతను మెల్లగా.

ఆ సాయంత్రమే టీచరు తీర్పు రాసి పంపింది. దొంగ సాఫ్ట్‌వేర్ వాడినందుకు శాశ్వత బహిష్కరణ. నిర్వాహకుడు అతని ఫొటో కూడా పెట్టి లీగు పేజీలో వేశాడు. పల్చటి ముఖం, కొంచెం పక్కకు చూస్తున్న కళ్ళు. వాటిలో పిల్లి పోలిక ఏదీ లేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి టీచరు ల్యాప్‌టాప్ తెరిస్తే తెరంతా అడ్డదిడ్డంగా రంగు గీతలు. వాటి మధ్య ఆమె ముఖం ముక్కలుగా కనిపించింది. మూసి తెరిచింది. గీతలు చోటు మారాయి గానీ పోలేదు.

వీధి చివర మరమ్మతు చేసే ఆమె ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టి, మరలు ఒక్కొక్కటిగా విప్పి అయస్కాంతం మూతలో వేసింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము నల్లటి ఉన్నిలా పేరుకుని ఉంది. దాన్ని పట్టకారుతో లాగి పక్కన పెడుతూ, "ఇన్నాళ్ళూ గొంతు నొక్కి ఊపిరి పీల్చుకోమన్నారు దీన్ని," అంది.

"పోయినట్టేనా?"

"మొత్తం పోలేదండీ. ఇందులో బొమ్మలు గీసేవి రెండుంటాయి. ఇదిగో, ఇది పెద్దది. దీని వంట దీనిదే, దీని మెమరీ దీనిదే. ఇది మాడిపోయింది. ఇంకోటి చిన్నది, ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. ఉమ్మడి కాపురం. మెమరీ కావాలంటే ఇంట్లోవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోవాలి, వాళ్ళిచ్చినంతే." పెద్ద చిప్‌ను పనిలోంచి తప్పించి మళ్ళీ మరలు బిగించింది. "కొత్తది వచ్చేదాకా చిన్నదాంతో లాక్కురండి. గుడ్డికన్నా మెల్ల మేలు."

"ఆటలు ఆడుతుందా?"

"ఆడుతుంది. ఈడుస్తుంది. మొయ్యలేనివి మధ్యలో వదిలేస్తుంది."

టీచరు ఆ మాట విని వచ్చేసింది. దాని అర్థం ఇల్లు చేరాక కూడా ఆమెకు తట్టలేదు.

ఎండ కిటికీలోంచి మంచం మీదికి పాకే వేళ. పిల్లికళ్ళు కేసు మూసేముందు ఒక రికార్డింగు ముక్క కత్తిరించి నిర్వాహకుడికి పంపాల్సి ఉంది. టీచరు ఆట తెరిచి రికార్డింగు నడిపించి, అది తెరుచుకునేలోపు దండెం మీది బట్టలు తేవడానికి వెనక్కి వెళ్ళింది. ఈసారి ఫ్యాను ఏడవలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"అమ్మాయ్," అని అత్తగారు గదిలోంచి పిలిచింది. గొంతులో ఏదో తేడా.

"వస్తున్నా అత్తయ్యా."

"వీళ్ళకేమైందే? ఇంతమంది ఇలా పడిపోయారు?"

టీచరు బట్టలు చేతిమీద వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు బల్ల పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర చూస్తోంది.

తెరమీద పొలం లేదు. అంటే పొలం ఉంది, గోదాము గోడ ఉంది, దూరంగా నీళ్ళ ట్యాంకు ఉంది. గడ్డి లేదు. గోధుమరంగు నేల, అరచేతిలా బట్టబయలుగా పరుచుకుని ఉంది. ఆ నేలమీద మనుషులు. బోర్లా పడి, చేతులు ముందుకు చాచి, కాళ్ళు ఎడంగా పెట్టి, అక్కడొకడు, ఇక్కడొకడు. ఎవరూ కదలడం లేదు. ఏదో జరిగిపోయిన చోటుకు జనం ఇంకా చేరకముందు ఉన్నట్టుంది.

"చచ్చిపోయారా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా," అంది టీచరు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "దాక్కున్నారు."

"ఎక్కడే?"

టీచరు బట్టలు కుర్చీలో పడేసి తెర ముందు కూర్చుంది. రికార్డింగు అంటే వీడియో కాదని ఆమెకు తెలుసు. ఎవరు ఎక్కడున్నారు, ఎటు కదిలారు అన్న లెక్కే అందులో ఉంటుంది. దాన్ని బట్టి చూసేవాళ్ళ యంత్రం అప్పటికప్పుడు బొమ్మ గీసుకుంటుంది. తెలిసిన సంగతే. పెద్ద చిప్ గడ్డితో గీసిన లోకాన్నే అందరి లోకం అనుకుని ఇన్నాళ్ళూ కూర్చుంది. నాణ్యత అట్టడుక్కి దించినప్పుడు కూడా గీసింది ఆ పెద్ద చిప్పే. దాని దగ్గర మెమరీకి కరువేముంది? చిన్నది బరువు మొయ్యలేక గడ్డిని మొత్తంగా దించేసింది. దించేశానని ఎక్కడా చెప్పలేదు.

ఒకటి మాత్రం దించలేదు. చప్పుడు. ఉత్త నేలమీద, పరక లేనిచోట, గడ్డి గాలికి రాసుకుంటున్న చప్పుడు సరసరమని వస్తూనే ఉంది.

"ఆపవే దాన్ని," అంది అత్తగారు. కానీ తనూ కదల్లేదు.

గోదాము పక్కనుంచి పిల్లికళ్ళు వచ్చాడు. చిన్న చిప్ ఈడుస్తోంది కనుక అడుగు ఎత్తి అలాగే బిగుసుకుపోయాడు. మళ్ళీ కదిలేసరికి ఇంకా దగ్గరగా ఉన్నాడు. నడవడం కనిపించదు, దగ్గరవడమే కనిపిస్తుంది. పొలం అంచున ఆగి తల తిప్పాడు. టీచరు ఎన్నోసార్లు చూసిన ఆ చూపే. ఇప్పుడు ఆ చూపుకు ఎదురుగా మనిషి ఉన్నాడు. బల్లమీద పెట్టిన కత్తెరంత స్పష్టంగా ఉన్నాడు.

"పాపం, ఆ అబ్బాయికి కాల్చడం ఇష్టం లేదు," అంది అత్తగారు. "చూడు, ఎంతసేపు నిలబడ్డాడో."

నిజమే. గడ్డి ఉన్నప్పుడు అది గురి చూసుకోవడంలా కనిపించింది. ఇప్పుడు అలా లేదు.

ఆ తర్వాతి పూట టీచరు పాత రికార్డింగు ఒకటి వెతికి తీసింది. తను ఆడిన రోజుల్లోది. పిల్లికళ్ళు అప్పుడే లీగులోకి కొత్తగా వచ్చాడు. ఆ రోజు అతను తన పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నడిచిపోయాడు. అయినా తను దొరకలేదు. ఆ దాగుడు గురించి ఆమె చాలా రోజులు చెప్పుకుంది. బడిలో తోటి టీచర్లకు కూడా చెప్పింది.

రికార్డింగు నడిచింది. నేలమీద ఒక ఆడమనిషి బోర్లా పడి ఉంది. చుట్టూ ఏమీ లేదు, రాయి కూడా లేదు. జడ వీపు మీద, తుపాకీ రొమ్ము కింద. తనే. ఎండలో ఆరేసిన బట్టలా అందరికీ కనిపిస్తూ, ఎవరికీ కనిపించట్లేదన్న ధీమాతో కదలకుండా పడుకుని ఉంది. అతను వచ్చాడు. ఆమె పాదాల దగ్గర ఆగాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ముఖం వైపు చూశాడు. అప్పుడు తను ఊపిరి బిగబట్టి, లోలోపల నవ్వుకున్న సంగతి ఆమెకు గుర్తుంది. అతను తుపాకీ దించి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

టీచరు ల్యాప్‌టాప్ మూసేసింది. గదిలో తను ఒక్కతే ఉన్నా, ఎవరో చుట్టూ తిరిగి చూసి వెళ్ళినట్టు భుజాలు ముడుచుకుపోయాయి. లేచి వెళ్ళి, పట్టపగలు కిటికీ తెర లాగింది.

నిర్వాహకుడు ఆమె చెప్పినదంతా విన్నాడు. తన దగ్గరున్న, పెద్ద చిప్ లేని పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకుని, కాసేపటికి తనే ఫోను చేశాడు.

"మీరన్నది నిజమే మేడమ్. నాకూ గడ్డి లేదు. ఒళ్ళు జలదరించింది నాకు."

"అయితే తీర్పు వెనక్కి తీసుకుందాం. పేజీలో వెయ్యండి, అతని తప్పు లేదని."

"వేస్తాను. తప్పకుండా వేస్తాను. కానీ కెప్టెన్‌తో కూడా మాట్లాడాను. ఆయన అడిగింది కాదనలేకపోయాను. చిన్న చిప్పుల వాళ్ళకి పొలంలో అందరూ కనిపిస్తుంటే మిగతావాళ్ళకి అన్యాయం కదా. అందుకని ఇకనుంచి విడిగా పెద్ద చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లకే ప్రవేశం."

"అంటే అతను?"

"పెద్ద చిప్ ఉన్నది తెచ్చుకుంటే రావచ్చు. ద్వారాలు తెరిచే ఉంటాయి."

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టుంది," అంది టీచరు. "దొంగవి కాదు, ఫో అంటున్నారా?"

"రూలు అందరికీ ఒకటే మేడమ్."

"ఈ లీగులో చిన్న చిప్ మాత్రమే ఉన్నది అతనొక్కడికే."

టీచరు తనను తీర్పరి పని నుంచి తప్పించమంది. కోపంగా అనలేదు. రేపు బడికి రాలేనని చెప్పినట్టు అంది. పేజీలో మాత్రం అతని నిర్దోషిత్వం తన మాటల్లోనే, తన పేరుతోనే పడాలంది. ఆయన సరేనన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఫొటో పడిన రోజు వందలమంది చూసిన పేజీలో ఈ నాలుగు వాక్యాల కింద ఎవరూ ఏమీ అనలేదు.

పిల్లికళ్ళు ఫోను ఎత్తడానికి చాలాసేపు పట్టింది. వెనక బండ్లు దొర్లుతున్న చప్పుడు, అట్టపెట్టెలు దించుతున్న చప్పుడు. మందుల గోదాములో పని చేస్తానని చెప్పి, ఆగమని, ఎక్కడికో నడిచాడు. చప్పుళ్ళు సన్నబడ్డాయి.

"చెప్పండి పోచక్కా."

ఆ పిలుపు వినగానే ఆమె ముందుగా కూడబలుక్కున్న మాటలన్నీ చెదిరిపోయాయి. "నా ల్యాప్‌టాప్‌లో పెద్ద చిప్ పోయింది. చిన్నదాంతో చూశాను," అంది.



"కనిపించిందా?" అన్నాడు.

"కనిపించింది. ఉత్త నేల."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఆమె క్షమించమని అడిగింది, తీర్పు వెనక్కి తీసుకున్న సంగతి చెప్పింది, కొత్త రూలు సంగతి కూడా దాచకుండా చెప్పింది. అతను వింటూ ఊఁ కొట్టాడు. రూలు దగ్గర కొంచెం నవ్వాడు.

"ఆట పోతే పోనీ అక్కా. ఇక్కడ మా సూపర్‌వైజరు కొడుకు మీ లీగులోనే ఉన్నాడు. నా ఫొటో చూపించాడట. పని దిగేటప్పుడు గేటు దగ్గర అందరూ వెళ్ళిపోతారు, నా సంచి ఒక్కటే తెరిపిస్తున్నారు. అన్నం గిన్నె మూత కూడా తీయిస్తున్నారు. ఎవరూ ఏమీ అనరు. ఊరికే చూస్తారు."

"నేను వచ్చి మాట్లాడతాను."

"వద్దక్కా. మీరొస్తే, ఏం చేశాడని ఆవిడెవరో వచ్చిందంటారు. ఒకటి అడగనా? ఆ గడ్డి ఎలా ఉంటుంది?"

టీచరు కళ్ళు మూసుకుంది. "నడుము దాకా ఉంటుంది. లేత పసుపు. గాలి వచ్చినప్పుడు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వంగుతూ పోతుంది. చప్పుడు వస్తుంది."

"ఆ చప్పుడు గడ్డిదా?" అన్నాడతను. "నేను వాన అనుకునేవాణ్ణి. వాన పడట్లేదు, చప్పుడొస్తోంది, ఏంటా అని. అంటే వాళ్ళంతా దాక్కున్నారా అందులో?"

"నువ్వేమనుకున్నావు?"

"ఏమో అక్కా. నేను రాగానే పడుకునేవాళ్ళు. ముఖం నేలకేసి, కదలకుండా. కాల్చాలంటే భయమేసేది. నన్ను చూసి ఎందుకలా అయిపోతారో తెలిసేది కాదు. మీరైతే ఒకసారి ఎంతకీ లేవలేదు. నెట్ పోయిందో, ఒంట్లో బాగోలేదో, కుర్చీలోనే ఒరిగిపోయారేమో అని చాలాసేపు చూశాను. తర్వాత అడుగుదామనుకున్నాను గానీ, కొత్తవాణ్ణి, ఏమనుకుంటారో అని ఊరుకున్నాను."



మరమ్మతు చేసే ఆమె కొత్త పెద్ద చిప్ బిగించి ఇచ్చిన రోజు, మధ్యాహ్నం పూట, ఇద్దరూ ఒప్పుకున్న వేళకు ఆట తెరిచారు. లీగుతో సంబంధం లేని సాధన మైదానం. అదే పొలం, అదే గోదాము, ఎవరూ లేరు. టీచరు ల్యాప్‌టాప్‌లో ఫ్యాను లేచింది. గడ్డి గోడ దాకా నిండుగా ఊగుతోంది. చెవుల్లో అతని గొంతు ఉంది, వెనక వాళ్ళక్క ఎవరినో కేకలేస్తోంది.

"నేను పడుకుంటున్నాను," అంది టీచరు. గడ్డి ఆమె మీదుగా మూసుకుంది. తెరంతా లేత పసుపు. "కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు అక్కా. చెప్పులతో సహా."

ఆమెకు మళ్ళీ వీపు జలదరించింది. ఈసారి లేచి నిలబడలేదు. అలాగే ఉంది. గడ్డి చప్పుడు చేస్తూ అతను దగ్గరికి వచ్చాడు. నడుము దాకా గడ్డిలో మునిగి ఉన్న పల్చటి మనిషి. తుపాకీ తెచ్చుకోలేదు.

"నేనూ పడుకోనా?"

"పడుకో."

అతను వంగాడు. తల గడ్డి లోపలికి దిగింది. పరకలు కాసేపు అటూ ఇటూ ఊగి, సర్దుకున్నాయి. ఇప్పుడు పొలంలో గాలి తప్ప ఏమీ లేదు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలిసి, ఎక్కడ ఉన్నాడో తెలిసి, కళ్ళు పొడుచుకుని చూసినా ఆమెకు దొరకలేదు.

"ఇప్పుడు నేను మీకు కనిపించట్లేదా?" అని గొంతు మాత్రం వచ్చింది.

"లేదు."

"ఎవరొచ్చి చూసినా?"

"ఎవరికీ కనిపించవు."

"నాకు మాత్రం నేలే కనిపిస్తోంది అక్కా. నడిరోడ్డు మీద పడుకున్నట్టుంది." వెనక వాళ్ళక్క గొంతు ఆగిపోయింది. "మీరు చెప్తున్నారు కాబట్టి నమ్ముతున్నాను. కాసేపు ఇక్కడే ఉంటాను."

"ఉండు," అంది టీచరు.